ఎఫ్‌ఏలో 19, ఎస్‌ఏలో 41: ప్రగతి పత్రాన్ని తల్లిదండ్రులు ఎలా చదవాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ అమ్మాయి తెలంగాణలో రాష్ట్ర సిలబస్ చెప్పే ఒక ప్రైవేటు పాఠశాలలో ఇంగ్లీషు మీడియంలో ఏడో తరగతి చదువుతోంది. గణితంలో ఎఫ్‌ఏ-1లోనూ ఎఫ్‌ఏ-2లోనూ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే ఏడాది మధ్య మధ్యలో వేసే మార్కులు) 20కి 19 వచ్చాయి, ఎస్‌ఏ-1లో (సమ్మేటివ్ అసెస్‌మెంట్, అంటే అర్ధ సంవత్సరపు పెద్ద పరీక్ష) మాత్రం 80కి 41 వచ్చాయి. ప్రగతి పత్రం కింద ఉపాధ్యాయురాలు ‘బాగా చదువుతోంది, ఇంకొంచెం శ్రద్ధ పెట్టాలి’ అని రాశారు. ఈ రెండు అంకెల్లో దేన్ని నమ్మాలి, తల్లిదండ్రుల సమావేశంలో ఏమి అడగాలి, ట్యూషన్ పెట్టించాలా అని మీరు అడిగారు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో గణితం స్కూల్ అసిస్టెంటుగా, ఆ తర్వాత ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని కాబట్టి, మార్కులు వేసే వైపు నుంచి ఈ పత్రం ఎలా తయారవుతుందో చెబితే మీకు ఎక్కువ ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను.

సూటిగా చెప్పాలంటే రెండు అంకెలూ నిజమే. ఒక్కొక్కటి ఒక్కో సంగతిని కొలిచింది. పత్రం వాటిని పక్కపక్క గళ్లలో వేయడం వల్ల రెండూ ఒకే కొలత అన్న భ్రమ కలుగుతుంది. అమ్మాయికి ఏమి వచ్చు, ఏమి రాదు అన్నది మాత్రం ఆ గళ్లలో దొరకదు. దిద్దిన ఎస్‌ఏ-1 జవాబు పత్రంలో దొరుకుతుంది. ఆ పత్రం మీ చేతికి వచ్చేదాకా ట్యూషన్ గురించి నిర్ణయం తీసుకోకండి.

ముందు ఎఫ్‌ఏ సంగతి. నిర్మాణాత్మక మూల్యాంకనం అని పుస్తకాల్లో రాసే ఈ ఎఫ్‌ఏకు ఉన్నత పాఠశాల తరగతుల్లో 20 మార్కులు. అవి నాలుగు సాధనాలకు ఐదేసి చొప్పున పంచి ఉంటాయి: పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలు, రాత పనులు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష. ఈ చివరిదాన్నే బడిలో అందరూ స్లిప్ టెస్ట్ అంటారు. భాగస్వామ్యానికి వేసే మార్కు ఉపాధ్యాయుల అంచనా మీద ఆధారపడుతుంది. నలభై యాభై మంది ఉన్న తరగతిలో అల్లరి చేయకుండా, అడిగినప్పుడు లేచి జవాబు చెప్పే పిల్లకు ఐదుకు ఐదు పడటం మామూలు. రాత పనులంటే నోటుబుక్కు. అందులోని లెక్కల్లో చాలా భాగం నల్లబల్ల మీద నుంచి ఎక్కించుకున్నవే అయినా, దస్తూరి బాగుండి, గీతలు గీసి, తేదీలు వేసి ఉంటే మార్కు తగ్గించడానికి చేయి రాదు. ప్రాజెక్టు నలుగురైదుగురు కలిసి చేస్తారు; ఒకరు రాస్తే మరొకరు బొమ్మలు అంటిస్తారు, మార్కు మాత్రం అందరికీ ఒకటే. కొన్ని ఇళ్లలో ఆ ప్రాజెక్టు చేసేది అమ్మో, ఇంటర్ చదివే అక్కో అన్న సంగతి ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. ఇక మిగిలింది స్లిప్ టెస్ట్. అది ఒకటి రెండు పాఠాల మీద, అవి చెప్పిన కొద్ది రోజులకే, ఒక పీరియడ్‌లో జరిగిపోతుంది.

అంటే 20 మార్కుల్లో మీ అమ్మాయి ఎవరి సాయమూ లేకుండా ఒంటరిగా కూర్చుని రాసినదానికి వచ్చేవి ఐదే. మిగతా 15 మార్కులు శ్రద్ధకూ క్రమశిక్షణకూ తోటివారితో కలిసి పనిచేసినందుకూ పడ్డవి. ఇవి విలువలేనివని నేననను. ఏడో తరగతి పిల్ల నోటుబుక్కు చక్కగా పెట్టుకోవడం చిన్న సంగతి కాదు. అయితే భిన్నాల సంకలనం వచ్చా రాదా అన్న ప్రశ్నకు అవి జవాబు చెప్పవు. ఎస్‌ఏ-1 అలా కాదు. దానికి దాదాపు అర్ధ సంవత్సరపు పాఠాలు, ఒక్క పూట, ఒక్కతే కూర్చుని రాయడం. జూన్‌లో చెప్పిన పూర్ణ సంఖ్యలు ఆ రోజుకు గుర్తున్నాయా, పాఠం పేరు పైన రాసి లేనప్పుడు ఏ పద్ధతి వాడాలో తేల్చుకోగలదా అన్నది అక్కడ బయటపడుతుంది. కాబట్టి 19కీ 41కీ మధ్య ఉన్న తేడా అమ్మాయి హఠాత్తుగా చెడిపోయిందని చెప్పదు. పాఠం చెప్పిన వారంలో అర్థమైనది మూడు నెలలకు నిలవలేదని గానీ, ఆసరాతో చేయగలిగినది ఒంటరిగా చేయలేకపోయిందని గానీ చెబుతుంది. ఈ రెంటిలో ఏదో తేల్చుకోవడమే మీ పని.

ఎఫ్‌ఏ మార్కులు ఎంత ఉదారంగా పడతాయో చూడాలంటే కోవిడ్ కాలం నాటి పదో తరగతి ఫలితాలను గుర్తు చేసుకుంటే చాలు. తెలంగాణలో 2020లోనూ 2021లోనూ పబ్లిక్ పరీక్షలు రద్దయి, ఎఫ్‌ఏ మార్కులనే ఆధారం చేసుకుని గ్రేడ్లు ఇచ్చారు. పరీక్షలు మామూలుగా జరిగిన 2019లో 10కి 10 జీపీఏ (గ్రేడు పాయింట్ల సగటు) వచ్చినవారు పదివేల లోపే. 2021లో అయిదు లక్షల ఇరవై వేల మందికి పైగా ఉన్న విద్యార్థుల్లో రెండు లక్షల మందికి పైగా అదే 10 జీపీఏ అందుకున్నారు. రెండేళ్లలో పిల్లల తెలివి ఇరవై రెట్లు పెరగలేదు కదా. ఆ ఏడాది నష్టపోయిన పిల్లల్ని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. బయటి పరీక్ష పక్కన లేనప్పుడు 20కి వేసిన మార్కు ఒంటరిగా ఎంత మాత్రం నిలబడగలదో చెప్పడానికే చెబుతున్నాను. పదో తరగతికైతే ఎఫ్‌ఏ రికార్డులను బయటి ఉపాధ్యాయుల బృందం వచ్చి పరిశీలించే పద్ధతి ఉంది. ఏడో తరగతి మార్కుల మీద ఆ మాత్రం నిఘా కూడా ఉండదు.

నిజానికి ఈ పద్ధతిని తెచ్చినవారి ఉద్దేశం మార్కులు పంచడం కాదు. మా తరం చదువుకున్నప్పుడు త్రైమాసిక, అర్ధ సంవత్సర, వార్షిక పరీక్షలే దిక్కు. 35 వస్తే పాస్, రాకపోతే అదే తరగతిలో మళ్లీ ఒక ఏడాది. పిల్ల ఎక్కడ తడబడుతోందో ఏడాది చివర తెలుసుకుని ప్రయోజనం లేదు, మధ్యలోనే తెలుసుకుని సరిదిద్దాలి అన్నది నిరంతర సమగ్ర మూల్యాంకనం వెనుక ఉన్న ఆలోచన. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం దీన్ని గట్టిగా చెప్పింది, 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ చట్టబద్ధం చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012 నుంచి వచ్చిన కొత్త పాఠ్యపుస్తకాలు ఈ దృష్టితోనే రాసినవి. 2014-15లో తెలంగాణ పదో తరగతి పబ్లిక్ పరీక్షకు కూడా 80, అంతర్గత మూల్యాంకనానికి 20 అన్న విభజన వచ్చింది. సరిదిద్దుకోవడానికి ఉద్దేశించిన సాధనం మార్కుల మెమోలోకి ఎక్కిన రోజు నుంచే దాని స్వభావం మారిపోయిందన్నది నా అభిప్రాయం. ‘ఈ పిల్లకు ఇది రాలేదు’ అని నిజాయితీగా రాసే ఉపాధ్యాయుడు తన పిల్లలకే మార్కులు తగ్గించినవాడవుతాడు. పక్క బడిలో అందరికీ 20కి 20 వేస్తున్నారని తెలిసినప్పుడు ఆ నిజాయితీ ఎంతకాలం నిలుస్తుంది?

ప్రభుత్వాలు కూడా ఈ విషయంలో ఊగిసలాడుతూనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ 2019-20 నుంచి పదో తరగతిలో ఆ 20 మార్కులను తీసివేసింది. తెలంగాణ 2024 నవంబరులో తీసివేస్తున్నట్టు ప్రకటించి, వెంటనే ఆ ఏటికి పాత పద్ధతినే ఉంచి, 2025-26లో కూడా కొనసాగించాలని నిర్ణయించింది. సీబీఎస్‌ఈ 2009-10లో మొదలుపెట్టిన పద్ధతిని 2017లో వదులుకుని, 2018 నుంచి పదో తరగతి బోర్డు పరీక్షను మళ్లీ అందరికీ తప్పనిసరి చేసింది. మీ అమ్మాయి పదికి వచ్చేసరికి ఏ లెక్క అమల్లో ఉంటుందో ఊహించుకుంటూ ఇప్పుడు కంగారు పడనక్కర్లేదు.

గ్రేడు అక్షరం గురించి ఒక్క మాట. రాష్ట్ర సిలబస్‌లో 91 నుంచి 100 శాతం దాకా ఎ1, 81 నుంచి ఎ2, 71 నుంచి బి1, 61 నుంచి బి2, 51 నుంచి సి1, 41 నుంచి సి2, 35 నుంచి డి. ఈ లెక్కన మీ అమ్మాయి ఎఫ్‌ఏలో ఎ1, ఎస్‌ఏలో సి1. రెండూ కలిపితే 100కి 60, అంటే సి1. ఎక్కడో ఒక్క మార్కు ఎక్కువ వచ్చి ఉంటే 61 అయి బి2 అయ్యేది. ఆ ఒక్క మార్కు అమ్మాయి నేర్చుకున్నదాంట్లో ఏ మార్పునూ తేదు. ఒకే పత్రాన్ని ఇద్దరు ఉపాధ్యాయులు దిద్దితే మూడు నాలుగు మార్కుల తేడా రావడం మామూలే. బంధువుల ముందు అక్షరాల్ని పోల్చుకోవడం తప్పించి, బి2కీ సి1కీ మధ్య గీత దగ్గర నిలబడ్డ పిల్ల విషయంలో ఆ అక్షరానికి పెద్ద అర్థం లేదు.

ఇప్పుడు అసలైన విషయానికి వస్తాను. జవాబు పత్రం చేతికి వచ్చాక ముందుగా మొత్తం మార్కుల్ని చూడటం మానేయండి. గణితం ప్రశ్నపత్రం కొన్ని విద్యా ప్రమాణాల ప్రకారం తయారవుతుంది: సమస్యా సాధనకు 40 శాతం, కారణాలు చెప్పడం–నిరూపణలకు 20, వ్యక్తపరచడానికి 10, అనుసంధానానికి (ఒక పాఠాన్ని మరో పాఠంతో, నిత్య జీవితంతో కలిపి చూడటానికి) 15, దృశ్యీకరణ–ప్రాతినిధ్యపరచడానికి (బొమ్మలు, పట్టికలు, గ్రాఫులుగా చూపడానికి) 15. 80 మార్కుల పత్రంలో అవి వరుసగా 32, 16, 8, 12, 12 అవుతాయి. పత్రంలో ప్రతి ప్రశ్న వీటిలో ఏదో ఒకదాని కింద చేరుతుంది. ఉపాధ్యాయుల దగ్గర ఆ పట్టిక ఉంటుంది. పోయిన 39 మార్కులు ఏ ప్రమాణం కింద ఎక్కువగా పోయాయో అడిగి తెలుసుకుంటే సగం సంగతి తెలిసిపోతుంది. సమస్యా సాధనలో 32కి 26 వచ్చి నిరూపణల్లో 16కి 2 వచ్చిన పిల్ల వేరు, అన్నిటిలోనూ సగం సగం వచ్చిన పిల్ల వేరు. మొత్తం మాత్రం ఇద్దరికీ ఇంచుమించు ఒకటే కావచ్చు.

రెండో సగం తప్పుల రకంలో ఉంటుంది. ఒక ఉదాహరణ చూడండి. ‘ఒక వ్యాపారి 800 రూపాయలకు కొన్న కుర్చీని 15 శాతం లాభానికి అమ్మాడు. అమ్మిన వెల ఎంత?’ అన్న నాలుగు మార్కుల ప్రశ్నకు ఒక పిల్ల 15 శాతం కట్టి 120 రూపాయలు అని రాసి ఆపేస్తుంది. ఆ పిల్లకు శాతం వచ్చు. ప్రశ్న దేన్ని అడిగిందో చివరిదాకా చదవలేదు. ఇంకొక పిల్ల 800కి 15 కలిపి 815 అని రాస్తుంది. ఆమెకు శాతం అంటే ఏమిటో తెలియలేదు, పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. మూడో పిల్ల పద్ధతి అంతా సరిగ్గా రాసి, గుణకారంలో ఒక సున్నా పోగొట్టుకుని 12 తెచ్చి 812 అంటుంది. ఆ పిల్లకు పాఠం వచ్చు, చేతి లెక్క నిలకడగా లేదు. ముగ్గురికీ మార్కులు తెగ్గోసి ఉంటాయి. ‘ఇంకొంచెం శ్రద్ధ పెట్టాలి’ అన్న వాక్యం ముగ్గురి పత్రాల మీదా ఒకేలా ఉంటుంది. ఒక్కొక్కరికీ కావలసిన మందు మాత్రం వేరు, రెండో పిల్లకు మొదటి పిల్ల మందు వేస్తే ఏడాది గడిచిపోతుంది గానీ శాతం రాదు.

ఇంకో తప్పు కనిపిస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మూడు బై నాలుగుకూ రెండు బై ఐదుకూ సంకలనం చేయమంటే పైవి పైకి, కిందివి కిందికి కలిపి ఐదు బై తొమ్మిది అని రాయడం. అది ఏడో తరగతి లోపం కాదు, ఐదో తరగతిలో భిన్నం అనేది ఒక సంఖ్య అని అర్థం కాకుండా దాటిపోయిన లోపం. ఒకటిలో ముప్పాతిక భాగానికి ఇంకొంత కలిపితే సగానికి కాస్త ఎక్కువ ఎలా వస్తుందని ఆ పిల్ల మనసు అడగలేదు. ఈ పునాది లేకుండా ఏడో తరగతిలోని నిష్పత్తి, అకరణీయ సంఖ్యలు, సామాన్య సమీకరణాలు అన్నీ బండ గుర్తులుగానే మిగులుతాయి. స్లిప్ టెస్టులో గుర్తుంటాయి, ఎస్‌ఏలో జారిపోతాయి. 19కీ 41కీ మధ్య తేడా వచ్చే పిల్లల్లో ఈ రకం నేను ఎక్కువగా చూశాను.

తెలుగులో, ఇంగ్లీషులో కూడా ఇలాంటి గుర్తులుంటాయి. చదవని గద్యం ఇచ్చి ప్రశ్నలు అడిగినప్పుడు, ప్రశ్నలోని ఒక పదాన్ని గద్యంలో వెతికి, ఆ పదమున్న వాక్యాన్ని యథాతథంగా ఎత్తి రాసే పిల్లలు చాలామంది ఉంటారు. అప్పుడప్పుడు అది సరైన జవాబే అవుతుంది కాబట్టి మార్కు పడుతుంది, లోపం కనపడదు. ‘ఎందుకు’ అని అడిగిన ప్రశ్నల కింద వచ్చిన మార్కుల్ని విడిగా చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

మీ అమ్మాయి ఇంగ్లీషు మీడియం కాబట్టి ఇంట్లోనే చేయదగిన పరీక్ష ఒకటి చెబుతాను. జవాబు పత్రంలో మార్కులు పోయిన పద సమస్యలు నాలుగైదు తీసుకుని, వాటిని మీరే తెలుగులో నోటితో చెప్పి చేయమనండి. కుర్చీ లెక్కను తెలుగులో చెప్పగానే 920 అని తెచ్చిందంటే ఆమెకు గణితం వచ్చు, ప్రశ్నలోని ఇంగ్లీషు వాక్యం అడ్డుపడుతోంది. తెలుగులో చెప్పినా తికమకపడితే లోపం గణితంలోనే ఉంది. ఈ తేడాను ఏ ప్రగతి పత్రమూ చెప్పదు. కోపం, గడియారం లేకుండా ఒక అరగంట కూర్చుంటే మీకు తెలిసిపోతుంది. దీనితో పాటు మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమని నాలుగు లెక్కలు ఇచ్చి చూడండి. దేశమంతటా పల్లెల్లో పిల్లల కనీస సామర్థ్యాన్ని చూడటానికి ‘అసర్’ సర్వేలో 2005 నుంచి వాడుతున్న లెక్కలు ఈ స్థాయివే. ఏడో తరగతి పిల్ల వీటిలో తడబడితే ఎస్‌ఏ మార్కును పక్కన పెట్టి ముందు అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

ప్రగతి పత్రంలో రాసే ఒక్క వాక్యం మీద మీకు కోపం వచ్చినట్టుంది. ఆ ఉపాధ్యాయురాలి వైపు నుంచి కూడా చూడండి. మూడు సెక్షన్లు చెబుతుంటే నూట ఇరవైకి పైగా పత్రాలు దిద్దాలి, రిజిస్టర్లో ఎక్కించాలి, మళ్లీ ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి, గడువు రెండు మూడు రోజులుంటుంది. చివర్లో నూట ఇరవై పత్రాల మీద వ్యాఖ్యలు రాయాల్సి వచ్చినప్పుడు ‘బాగు’, ‘శ్రద్ధ అవసరం’ అన్న మాటలు తప్ప చేతికి ఇంకేమీ రావు. మా ఉపాధ్యాయులకు నేను చెప్పిన పద్ధతి ఏమిటంటే, అందరికీ వ్యాఖ్య రాయడం మానేసి, మార్కుల్లో తేడా కనిపించిన పదిమందికి మాత్రం మూడు వాక్యాలు రాయండి అని: వచ్చినది ఒకటి, రానిది ఒకటి, ఇంట్లో చేయాల్సింది ఒకటి. ‘దశాంశాల గుణకారం తప్పుల్లేకుండా చేస్తోంది. పద సమస్యలో ఏమి కనుక్కోవాలో తేల్చుకోలేకపోతోంది. రోజూ ఒక సమస్యను చదివించి, లెక్క చేయకుండా, ప్రశ్న దేన్ని అడిగిందో తన మాటల్లో చెప్పించండి.’ ఇలాంటి మూడు వాక్యాలు చదివిన తండ్రి, తాను పెద్దగా చదువుకోకపోయినా, ఆ సాయంత్రం ఏదో ఒకటి చేయగలడు. సి1 అన్న అక్షరం చూసి చేయగలిగేది తిట్టడం ఒక్కటే.

అసలు తెలుగు మాత్రమే చదవగలిగిన తల్లిదండ్రులకు నాలుగు పేజీల ఇంగ్లీషు పత్రం పంపి సంతకం చేయించుకోవడాన్ని నేను నివేదిక అనను. మీ బడి పత్రం అలా ఉంటే, కనీసం వ్యాఖ్య మటుకు తెలుగులో రాయమని అడగడంలో తప్పేమీ లేదు.

ఇప్పుడు సమగ్ర ప్రగతి పత్రం అన్న మాట అన్ని చోట్లా వినిపిస్తోంది. 2020 జాతీయ విద్యా విధానం పిల్లల ప్రగతిని మార్కులకే పరిమితం చేయకుండా పిల్లల స్వీయ అంచనా, తోటి పిల్లల అంచనా, ఉపాధ్యాయుల అంచనా అన్నీ కలిపి చూపించాలని చెప్పింది. ఎన్‌సీఈఆర్‌టీ కింద ఏర్పడ్డ ‘పరఖ్’ సంస్థ నమూనా పత్రాలు కూడా తయారు చేసింది. చిన్న తరగతుల నమూనాలో పిల్లల స్థాయిని సెలయేరు, పర్వతం, ఆకాశం అని చూపిస్తారు. పసిపిల్లల మనసు నొప్పించకూడదన్న ఉద్దేశం మంచిదే. అయితే పాప సెలయేరు దగ్గరుందంటే వాక్యం చదవగలదా, అక్షరాల దగ్గరే ఉందా అన్నది ఎవరో ఒకరు విడమరిచి చెప్పకపోతే ఎ1, సి1 పోయి వాటి స్థానంలో బొమ్మలు వచ్చినట్టే అవుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో మరో ప్రయత్నం జరుగుతోంది. అక్కడ 2024 డిసెంబరు 7న అన్ని ప్రభుత్వ పాఠశాలల్లో ఒకే రోజు మెగా తల్లిదండ్రుల–ఉపాధ్యాయుల సమావేశం పెట్టారు, 2025 జులై 10న మళ్లీ పెట్టారు. ముఖ్యమంత్రి బాపట్లలో ఒకసారి, శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువులో ఒకసారి పాల్గొన్నారు. ముగ్గుల పోటీలూ భోజనాలూ ప్రసంగాలూ ఉన్న పండుగ రోజున ఒక్కొక్క పిల్ల గురించి పది నిమిషాలు కూర్చుని మాట్లాడటం ఎంతవరకు సాధ్యమన్నది నా సందేహం, అయినా బడి గడప తొక్కని తండ్రులు ఆ రోజు లోపలికి వచ్చారన్నది కాదనలేం. దానికంటే నాకు నచ్చింది 2025-26లో వచ్చిన మూల్యాంకన పుస్తకం. విడి కాగితాల మీద కాకుండా ఒక పుస్తకంలోనే పరీక్షలు రాయించడం వల్ల జులైలో చేసిన తప్పు నవంబరులో మళ్లీ చేసిందా అన్నది పేజీ తిప్పితే కనిపిస్తుంది. పనిభారం పెరిగిందని ఉపాధ్యాయ సంఘాలు చెప్పిన అభ్యంతరంలో నిజముంది, ఆ భారం తగ్గించే మార్గం వెతకాలి గానీ పుస్తకాన్ని వదులుకోకూడదు.

ఇక మీ సమావేశం. మీ బడిలో ఒక్కొక్కరికి ఐదు పది నిమిషాలకు మించి దొరకదు కాబట్టి, వెళ్లేటప్పుడు అమ్మాయి గణితం నోటుబుక్కు వెంట తీసుకెళ్లండి, వీలైతే అమ్మాయిని కూడా. ‘మా పాప ఎలా చదువుతోందండీ?’ అని అడగకండి. ఆ ప్రశ్నకు ‘బాగానే చదువుతోందండీ’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ‘మేడమ్, ఎస్‌ఏ-1 గణితం పేపరు ఒకసారి చూపిస్తారా?’ అని మొదలుపెట్టండి. తర్వాత, ఎఫ్‌ఏ-1, ఎఫ్‌ఏ-2 స్లిప్ టెస్టుల్లో విడిగా ఐదుకు ఎంత వచ్చాయో అడగండి. ప్రాజెక్టుకూ నోటుబుక్కుకూ పూర్తి మార్కులు పడి, స్లిప్ టెస్టులో నాలుగు వచ్చి ఉంటే పాఠం అప్పటికి అర్థమైంది, నిలవలేదు. స్లిప్ టెస్టుకు కూడా ఐదు వేసి, ఆ కాగితం చూపించమంటే లేదంటే ఆ మార్కుకు విలువ ఎంతో మీరే ఊహించుకోవచ్చు. అయితే దాన్ని అక్కడ నిలదీసి గొడవ పెట్టుకోకండి, మీకు కావలసింది పాప సంగతి. చివరగా, తరగతిలో సరిగ్గా మధ్యన ఉన్న పిల్లకు ఎన్ని వచ్చాయో అడగండి. మొదటి ర్యాంకు ఎవరిదన్నది మీకు అనవసరం. మధ్యన ఉన్న పిల్లకు 38 వచ్చి ఉంటే ప్రశ్నపత్రం కష్టంగా ఇచ్చారనో పాఠాలు హడావుడిగా చెప్పారనో అర్థం, అది బడి చూసుకోవాల్సిన విషయం. మధ్య పిల్లకు 62 వచ్చి ఉంటే మీ అమ్మాయికి విడిగా సాయం కావాలి.

పేపరు చూపించడానికి ఒప్పుకోకపోతే? దిద్దిన జవాబు పత్రాన్ని చూసే హక్కు పరీక్ష రాసినవారికి ఉందని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్‌ఈ కేసులో సమాచార హక్కు చట్టం కింద తీర్పు చెప్పింది. అది బోర్డుల వంటి ప్రభుత్వ సంస్థలకు వర్తించే మాట, ప్రైవేటు బడికి నేరుగా వర్తించదు. అయినా చాలా బడులు అడిగితే చూపిస్తాయి, ఇంటికి పంపడానికి మాత్రం జంకుతాయి. అక్కడే కూర్చుని చూసి, మార్కులు పోయిన ప్రశ్నల నంబర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ప్రశ్నపత్రం ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది.

మీరు అడగకపోయినా ఒక మాట. ప్రైవేటు బడుల్లో ప్రతి వారాంతం పెట్టే ఆబ్జెక్టివ్ పరీక్షలు, ఫోన్‌కు వచ్చే ర్యాంకు సందేశాలు మూల్యాంకనం కిందికి రావు. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపట్టడం వేరు, ఖాళీ కాగితం మీద మొదటి మెట్టు రాయడం వేరు. సెక్షన్‌లో 14వ ర్యాంకు నుంచి 22కి దిగిందన్న సందేశం వచ్చిన రోజు ఇంట్లో రభస చేయడం వల్ల పిల్లకు పరీక్ష అంటే భయం మటుకు మిగులుతుంది.

ట్యూషన్ గురించి. పేపరులో కనిపించిన లోపం ప్రశ్న చివరిదాకా చదవకపోవడమో చేతి లెక్క నిలకడ లేకపోవడమో అయితే ట్యూషన్ అనవసరం. రోజూ ఇరవై నిమిషాలు ఇంట్లో చేయిస్తే ఎస్‌ఏ-2 నాటికి సర్దుకుంటుంది. ఇంగ్లీషు వాక్యం అడ్డుపడుతుంటే గణితం ట్యూషన్ ఎంత పెట్టించినా దండగ. ప్రభుత్వం తెలుగు, ఇంగ్లీషు పక్కపక్క పేజీల్లో అచ్చువేసే ద్విభాషా పాఠ్యపుస్తకం ఒకటి సంపాదించి, ఒకే సమస్యను రెండు భాషల్లో చదివించండి. భిన్నాల పునాది దగ్గరే లోపం ఉంటే మాత్రం ఎవరో ఒకరి సాయం అవసరం. అప్పుడు కూడా ట్యూషన్ చెప్పేవారికి ఏడో తరగతి పుస్తకం ఇచ్చి బడిలో చెప్పిన పాఠాన్నే మళ్లీ చెప్పించకండి. ఐదు, ఆరు తరగతుల పుస్తకాల్లోని భిన్నాలు, దశాంశాల అధ్యాయాలు ఇచ్చి, నెల రోజుల పాటు అవి మాత్రమే చెప్పమని అడగండి. ఎఫ్‌ఏ-3 వచ్చినప్పుడు 20కి ఎన్ని అన్నది వదిలేసి స్లిప్ టెస్ట్ కాగితం ఒక్కటి తెప్పించుకుని చూడండి. ఎస్‌ఏ-1లో తప్పిన రకం లెక్క అందులో ఉంటే దాన్ని ఈసారి ఎలా చేసిందో చూసి, నెల రోజుల ట్యూషన్ కొనసాగించాలో మానాలో నిర్ణయించుకోండి.